ఈ తాడు తెగితే ఏం పడుతుంది? పాత తెరచాప పడవ కొన్నవాళ్ల కోసం

గోనెసంచి వాకిట్లో కుమ్మరిస్తే తాళ్లు పడ్డాయి. తెల్లవి, నీలివి, ఎండకు వెలిసి ఏ రంగో తెలియనిది ఒకటి. వాటి వెనక చుట్టచుట్టిన మూడు స్టీలు తీగలు, డజను గిరకలు, ఒక సబ్బు డబ్బా నిండా పిన్నులూ రింగులూ. ట్రాలీ మీద పడవ, దాని పక్కన నేలమీద ఇరవై అడుగులకు అటూఇటూ ఉన్న అల్యూమినియం గొట్టం. హైదరాబాదులో అమ్మినాయన "అన్ని సామాన్లున్నయి సార్, కట్టుకునుడే" అని భరోసా ఇచ్చి పంపాడు. నల్లగొండ చేరాక నేనూ మా బావా ఆ కుప్ప ముందు చాలాసేపు మాటల్లేకుండా కూర్చున్నాం. పక్కింటి కాక గోడ మీదుగా చూసి, "ఏంది తమ్మీ, పడవ కొన్నవా, తాళ్ల దుకాణం పెడ్తున్నవా?" అన్నాడు.

మా దిక్కు పడవంటే తెలిసినవి రెండే. సోమశిల దగ్గరో జూరాల దగ్గరో చేపలు పట్టేవాళ్ల పుట్టి. దానికి తెడ్డు తప్ప ఏమీ ఉండదు. రెండోది నాగార్జునకొండకు పోయే లాంచీ, దానికి ఇంజను. తెరచాప మనకు పాటల్లో మాత్రమే కనిపించేది. ఇదే నేల మీదుగా ఏలిన శాతవాహనుల్లో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ముద్రించాడు గానీ, ఆ తాళ్లు ఎట్లా కట్టాలో మనకెవరూ చెప్పి పోలేదు.

తెరచాప పడవ మీద ఉండే తీగలూ తాళ్లూ గిరకలూ అన్నిటినీ కలిపి రిగ్గింగ్ అంటారు. దాని గురించి చదవబోతే మొదట ఎదురయ్యేది పేర్ల మంద. హాలియార్డ్, షీట్, ష్రౌడ్, వ్యాంగ్, ఔట్‌హాల్, కన్నింగ్‌హామ్. అందులో షీట్ అంటే గుడ్డ కాదు, తాడు. తెరచాపను లోపలికీ బయటికీ నడిపే తాడు. నాకు ఇది తలకెక్కడానికి రెండు రోజులు పట్టింది. ఇన్ని పేర్లెందుకని విసుక్కున్నాను గానీ, ఆలోచిస్తే మనమూ అంతే. ఒకే నారతో పేనిన తాడు బావి దగ్గర చేంతాడు, ఎద్దు మెడకు పలుపు, ముక్కుకు ముకుతాడు, బండి తోలేవాడి చేతిలో పగ్గం, తాడిచెట్టెక్కే గౌడన్న నడుముకు మోకు. పేరు తాడుకు కాదు, అది చేసే పనికి. అందుకే పేర్లు బట్టీపట్టకండి. ప్రతి తాడునూ చేత్తో పట్టుకుని ఒక్కటే ప్రశ్న అడగండి: ఇది తెగితే ఏం పడుతుంది?

జవాబులు మూడో నాలుగో వస్తాయి. స్తంభం పడుతుంది. తెరచాప పడుతుంది. తెరచాప పడదు గానీ మాట వినదు. లేదా ఏమీ కాదు, తెరచాప ఆకారం కొంచెం చెడుతుంది. ఈ వరుసే ప్రమాదం వరుస కూడా. డబ్బులు ఖర్చుపెట్టాల్సిన వరుసా ఇదే.

స్తంభంతో మొదలుపెడదాం. దాన్నే మాస్టు అంటారు. మా వాకిట్లో దీన్ని విప్పి చెప్పింది కరెంటు లైన్‌మన్ తమ్ముడు. మీటరు చూడ్డానికి వచ్చి తీగలు చేత పట్టుకుని, "ఇది మా స్టే వైరే కద సార్" అన్నాడు. నిజంగా అదే. ఊరి చివర లైను మలుపు తిరిగేచోట స్తంభం ఒకపక్కకు ఒరగకుండా భూమిలోకి వాలుగా దిగ్గొట్టిన స్టే వైరు చూసే ఉంటారు. పడవ స్తంభానికి ముందువైపు ముక్కుకు కట్టేది ఫోర్‌స్టే. రెండు పక్కల అంచులకు కట్టేవి ష్రౌడ్‌లు. మొత్తం మూడు. పెద్ద పడవల్లో వెనక్కి కూడా ఒకటుంటుంది. చిన్నవాటిలో ఉండదు. అది లేకుండా స్తంభం ముందుకు ఎందుకు పడదు? పక్క తీగలు కట్టే చోటు చూడండి, స్తంభానికి సరిగ్గా పక్కన కాదు, జానెడు వెనక్కి ఉంటుంది. అంటే అవి పక్కకూ లాగుతాయి, వెనక్కూ లాగుతాయి. మూడు తీగలతో మూడు దిక్కులు సరిపోతాయి.

ఇక్కడ ఒక లెక్క చూడాలి, ఎందుకంటే చిన్న పడవ గదా, సన్న తీగ చాలు కదా అనిపిస్తుంది. లైన్‌మన్లు స్టే వైరును స్తంభానికి దూరంగా పాతుతారు. దగ్గరగా పాతితే తీగ మీద బరువు పెరుగుతుంది. పడవలో దూరంగా పాతే అవకాశమే లేదు, పడవ వెడల్పు అంతే. స్తంభం నుంచి అంచుకు రెండున్నర అడుగులు, తీగ పైన కట్టిన ఎత్తు పదిహేను అడుగులు అనుకోండి. ఒకటికి ఆరు. గాలి ఆ ఎత్తులో 30 కిలోల బలంతో పక్కకు నెడితే తీగ మీద పడేది 180 కిలోలు దాటుతుంది. దాదాపు అంత బరువూ స్తంభాన్ని కిందికి నొక్కుతుంది కూడా. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఆషాఢంలో మన దగ్గర వీచే పడమటి గాలి తెరలు తెరలుగా వస్తుంది, ఒక్క తెరకు ఈ లెక్క ఎక్కడికో పోతుంది. కాబట్టి పాత పడవ కొన్నప్పుడు తీగలతోపాటు స్తంభం పాదం కూర్చునే చోటూ, తీగలు బిగించే పట్టీలూ చూడాలి. పాత ప్లైవుడ్ పడవైతే ఆ పట్టీల వెనక చెక్కను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. మెత్తగా దిగితే ఆ పడవ నీళ్లలోకి పోగూడదు.

తీగను ఎట్లా చూడాలి? స్టెయిన్‌లెస్ స్టీలుది దొంగబుద్ధి. మామూలు ఇనుము తుప్పుపట్టి ముందే చెబుతుంది, ఇది తళతళలాడుతూనే లోపల పాడవుతుంది. ఎక్కువగా పాడయ్యేది కింది చివర, తీగను గొట్టంలో నొక్కి అతికించిన చోట. వాననీరు తీగ వెంట జారి అక్కడే నిలుస్తుంది. అక్కడ గోధుమరంగు చారగానీ, వెంట్రుకవాసి పగులుగానీ ఉందేమో భూతద్దంతో చూడాలి. తరవాత చేతికి దూది తీసుకుని తీగ పొడవునా తుడవండి. పేలికలైన పోగు ఉంటే దూది చిక్కుకుంటుంది. వేళ్లతో తడమొద్దు, మా బావ తడిమి బొటనవేలుకు కుట్టు వేయించుకున్నంత పని చేశాడు. ఒక్క పోగు తెగినా తీగ మార్చాలి. ఒకటి తెగిందంటే మిగతావాటికీ అదే వయసు. ఏమీ కనబడకున్నా పదేళ్లు దాటిన తీగల్ని మార్చడం మంచిదని నా అభిప్రాయం. కొత్త తీగల ఖర్చు విరిగిన స్తంభం ఖర్చు ముందు ఏపాటిది? అల్యూమినియానికి స్టీలు సామాను రివెట్లతో బిగించిన చోట తెల్లటి పొడి రాలుతుంటే అది కూడా గుర్తుపెట్టుకోండి, రెండు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తింటున్నాయన్న మాట.

ఇక తీగ చివర పిన్ను, ఆ పిన్ను జారకుండా చిన్న రింగు. అణా పైసల సామాను. స్తంభం మొత్తం దానిమీదే నిలబడుతుంది. మా పడవకు ఒకవైపు రింగు లేదు, దాని బదులు సెంట్రింగు కట్టే బైండింగ్ తీగ చుట్టి ఉంది. పాత యజమాని దానితోనే ఎన్నిసార్లు నీళ్లమీదికి పోయాడో! ఇప్పుడు అన్ని రింగుల మీదా కరెంటు టేపు చుట్టాం, తెరచాపకో తాడుకో తగులుకుని ఊడకుండా.

మాది ఎంటర్‌ప్రైజ్ రకం. 1956లో జాక్ హోల్ట్ ఇంగ్లండులో గీసిన డిజైను, 4.04 మీటర్ల పొడవు, ఇద్దరు నడిపేది, నీలిరంగు తెరచాపలు దాని గుర్తు. మన దేశంలో సెయిలింగ్ నేర్పేచోట్ల చాలాకాలంగా ఉన్న పడవే కాబట్టి పాతవి దొరుకుతాయి. మీరు కొన్నది లేజర్ అయితే ఇంతవరకు చదివింది మీకు అక్కర్లేదు. బ్రూస్ కిర్బీ గీసిన ఆ 4.23 మీటర్ల పడవకు తీగలే లేవు. స్తంభం ఒక గుంతలో దిగుతుంది, తెరచాపకున్న సంచిలాంటి అంచు స్తంభానికి తొడుగుతారు. ఒక్క తెరచాప, 7.06 చదరపు మీటర్లు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. హుస్సేన్‌సాగర్ పోటీల్లోనూ ఈ ఒంటిమనిషి పడవలు కనిపిస్తాయి. ఒంటరిగా నడుపుదామనుకునేవాళ్లు అదే కొనడం మేలు. మేం ఇద్దరం కాబట్టి ఇది కొన్నాం, తాళ్లు ఎక్కువని తెలియక.

ఇప్పుడు తెగితే తెరచాప పడిపోయే తాళ్లు. వీటిని హాలియార్డ్‌లంటారు. జెండావందనం రోజు జెండా ఎక్కించే తాడే, అంతకన్నా ఏమీ కాదు. ఒక కొస తెరచాప తలకు, అక్కణ్ణుంచి స్తంభం కొనన ఉన్న గిరక మీదుగా దిగి రెండో కొస మన చేతికి. పెద్ద తెరచాపకు ఒకటి, ముందుండే చిన్న తెరచాప జిబ్‌కు ఒకటి. కొన్ని స్తంభాల్లో ఈ తాడు లోపలినుంచే దిగుతుంది. అట్లాంటి స్తంభంలో తాడు మార్చాలంటే పాతదాని కొసకు సన్న పురికొస కట్టి, అప్పుడు లాగాలి. నేను కట్టకుండా లాగాను. సుర్రుమని మొత్తం బయటికొచ్చింది. బోరులో మోటరు జారవిడిచినవాడి మొహం నాది. చివరికి స్తంభాన్ని ఏటవాలుగా పెట్టి, దారానికి చిన్న నట్టు కట్టి పైనుంచి వదిలి, తట్టుతూ తట్టుతూ కిందికి తెచ్చుకున్నాం. సాయంత్రం అయింది.

ఆ తాడు దేనిదన్నది కూడా ముఖ్యం. మార్కెట్లో దొరికే పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసవుతుంది, నున్నగా ఉండి బిగింపులోంచి జారుతుంది. నైలాన్ తాడు గట్టిదే గానీ సాగుతుంది. లంగరుకు ఆ సాగడం మంచిది, తెరచాప ఎక్కించడానికి చెడ్డది. ఎక్కించేటప్పుడు బిగుతుగా ఉన్నది పది నిమిషాల్లో వేలాడుతుంది. హాలియార్డ్‌కు సాగకుండా ముందే లాగి తయారుచేసిన పాలిస్టర్ తాడు కావాలి. అది మన ఊళ్లో దొరకలేదు, తెప్పించుకున్నాం.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలుపెట్టిన సంగతి. స్తంభం నిలబెట్టాం, మూడు తీగలూ బిగించాం, ముందు తీగ ఫోర్‌స్టే చక్కగా బిగుతుగా ఉంది. జిబ్ ఎక్కించి దాని హాలియార్డ్ బిగించగానే ఫోర్‌స్టే వదులైపోయి పక్కకు వేలాడింది. దాన్ని బిగిస్తే జిబ్ అంచు వదులవుతుంది. జిబ్ బిగిస్తే మళ్లీ ఇది వదులు. ఏదో తప్పు కట్టామని విప్పాం, కట్టాం, విప్పాం. పొద్దుపోయింది.

తప్పేమీ లేదు. ఎంటర్‌ప్రైజ్ లాంటి చాలా చిన్న పడవల్లో జిబ్ ముందు అంచులోపల ఒక తీగ కుట్టి ఉంటుంది. దాని హాలియార్డ్ కూడా తాడు కాదు, సగందాకా తీగే. జిబ్ ఎక్కించి దాన్ని మీట వేసి బిగించామంటే స్తంభాన్ని ముందుకు పట్టి ఉంచే పని ఇక ఆ జిబ్ అంచు తీగదే. ఆ లాగుడుకు పక్క తీగలూ బిగుసుకుంటాయి. ఫోర్‌స్టే పని ఒడ్డునే, జిబ్ లేనప్పుడు స్తంభం వెనక్కి పడకుండా చూడటం. జిబ్ ఎక్కాక దానికి సెలవు. వదులుగా వేలాడటమే సరైన పద్ధతి. అంటే మన ప్రశ్నకు ఈ జిబ్ హాలియార్డ్ ఒక్కటే రెండు జవాబులిస్తుంది: తెగితే జిబ్ పడుతుంది, దాంతోపాటు స్తంభమూ వెనక్కి, అంటే మన నెత్తిమీదికి జారుతుంది. అప్పుడు ఆ వేలాడే ఫోర్‌స్టే బిగుసుకుని ఆపాలి. పనికిరాదనిపించి ఎవరూ దాన్ని విప్పి పారేయకూడదు. ఎక్కించే వరుస కూడా ఇందులోంచే తెలుస్తుంది. ముందు జిబ్, తరవాత పెద్ద తెరచాప. దించేటప్పుడు తిరగేసి.

బిగుతు ఎంత? పడవకో కొలత ఉంటుంది గానీ, మొదటి రోజుకు సరిపడా పరీక్ష ఒకటుంది. పెద్ద తెరచాప హాలియార్డ్‌కు టేపు కట్టి పైకి పంపండి. కింద టేపును కుడి పట్టీ దాకా, ఎడమ పట్టీ దాకా కొలవండి. రెండూ ఒకటే అయితే స్తంభం నిటారుగా ఉన్నట్టు. అదే టేపును పడవ వెనక పలక మధ్యకు తెచ్చి ఆ కొలత గోడమీద రాసిపెట్టుకోండి. స్తంభం ఎంత వెనక్కి వాలిందో అదే చెబుతుంది. నీళ్లమీద చుక్కాని మరీ బరువుగా గుంజుతుంటే వాలు ఎక్కువైందేమో చూసుకోవడానికి ఆ అంకె అక్కరకొస్తుంది.

మూడో రకం, తెగితే తెరచాప మాట వినదు. ఇవే షీట్‌లు. పెద్ద తెరచాప కింద అడ్డంగా ఉండే గొట్టం బూమ్. దాన్ని లోపలికి లాగే తాడు మెయిన్‌షీట్. జిబ్ వెనక మూలకు ఇటొకటి అటొకటి జిబ్ షీట్లు. ఎడ్లబండి పగ్గాలను ఎవరైనా గుంజకు కట్టేసి బండి తోలతారా? షీటు కూడా చేతిలోనే ఉండాలి. బిగించి పెట్టే క్లీట్లు ఉంటాయి, వాటి పళ్లమధ్య తాడు నొక్కితే చేతికి విశ్రాంతి. కానీ కొత్తవాళ్లు గాలి తెర వచ్చినప్పుడు పళ్లలోంచి తాడు లాగేలోపే పడవ బోల్తా కొడుతుంది. చేతిలో ఉంటే వదిలేస్తే చాలు, తెరచాప రెపరెపలాడి గాలి ఖాళీ అయిపోతుంది. జిబ్ షీట్లను తెరచాపకు కట్టేది బౌలైన్ ముడి. పలుపుకు వేసే మంచి ముడిలా ఎంత లాగినా జారి ఉరి పడదు, పని అయ్యాక గోటితో విప్పుకోవచ్చు. రెండో కొసకు ఒక ముడి వేస్తే గిరకలోంచి జారిపోదు.

గిరకలెన్నో ఉన్నాయని బెదరకండి. లారీమీద వడ్ల బస్తాలకు తాడు బిగించే క్లీనర్‌ను చూడండి. తాడు మధ్యలో మెలివేసి, కొస కొక్కేనికి తిప్పి, ఆ మెలిలోంచి కిందికి గుంజుతాడు. రాపిడి లేకుంటే ఒక్కమనిషి గుంజుడుకు ముగ్గురి బలం వస్తుంది. పడవ మీద కదిలే గిరకను పట్టి ఎన్ని వరుసల తాడు ఉందో లెక్కపెట్టండి. నాలుగుంటే మీ 20 కిలోల లాగుడు 80 కిలోలవుతుంది, రాపిడి పోగా కొంచెం తక్కువ. బదులుగా అడుగు కదలాలంటే నాలుగడుగుల తాడు లాగాలి. బూమ్ పైకి లేవకుండా స్తంభం కిందికి కట్టే వ్యాంగ్‌లో ఇదే ఉంటుంది. వాలుగాలిలో పోతున్నప్పుడు వ్యాంగ్ లేకపోతే బూమ్ లేచి తెరచాప పైభాగం మెలితిరుగుతుంది.

మిగతావి ఆకారం దిద్దే తాళ్లు. ఔట్‌హాల్ తెరచాప కింది అంచును బూమ్ కొసకు లాగుతుంది, కన్నింగ్‌హామ్ ముందు అంచును కిందికి లాగుతుంది. గాలి ఎక్కువైతే రెండూ బిగించి తెరచాపను చదునుగా చేస్తారు. బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ కనిపెట్టాడని దానికి ఆ పేరు. ఆయన కార్ల పందేలూ నడిపేవాడు, 1958లో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందెం గెలిచిన పడవకు నాయకుడు. మొదటి నెల ఈ రెండు తాళ్లనూ ముట్టుకోకపోయినా కొంప మునగదు.

కొంప ముంచేది పైన ఉంది. మాస్టు అల్యూమినియం, తీగలు స్టీలు, పైన 11 కేవీ కరెంటు లైను. మా గల్లీలో అది ఎండాకాలం ఎట్లా వేలాడుతుందో లైన్‌మన్ తమ్ముడే చూపించి, మా మాస్టును లైనుకు దూరంగా జరిపించాడు. లైను తాకనక్కర్లేదు, బాగా దగ్గరికి పోయినా చాలు. నాగార్జునసాగర్‌లో నీళ్లు 590 అడుగులకు నిండినప్పుడు రోడ్డుకు దగ్గరగానే పని అవుతుంది. నీళ్లు దిగిపోయాక ఒడ్డు దూరం జరిగితే, రోడ్డు పక్కనే స్తంభం నిలబెట్టి ట్రాలీ మీద దొర్లించుకుపోదామని బుద్ధి పుడుతుంది. పుట్టనివ్వొద్దు. నీటి అంచుకు పోయాకే, తల పైకెత్తి చూశాకే నిలబెట్టాలి. అసలు పడవ ఎక్కడ దింపొచ్చో సాగునీటి శాఖవాళ్లను ముందే అడిగి పోవాలి, డ్యాం దగ్గర మన ఇష్టం చెల్లదు.

మేం ఆదివారం పొద్దున్నే, గాలి లేవకముందు, పడవ ముక్కు పడమరకు తిప్పి వాకిట్లోనే రెండు తెరచాపలూ ఎక్కించాం. నీలిరంగు గుడ్డ వేపచెట్టంత ఎత్తు లేచింది. గల్లీ పిల్లలంతా వచ్చారు. బావ ప్రతి తాడు కొసకూ టేపు చుట్టి మార్కరుతో పేరు రాశాడు, విప్పకముందు అన్నివైపులా ఫోనులో ఫొటోలు తీశాడు. అంతా అయ్యాక గోనెసంచిలో ఒక తాడు మిగిలింది. ఎండకు వెలిసిన ఆ రంగు తెలియనిదే. పడవంతా వెతికాం, దానికి చోటు లేదు. తెగితే ఏమీ పడదు. కాక వచ్చి దాన్ని సాగదీసి చూసి, "ఇది గట్టిగున్నది తమ్మీ" అని తీసుకుపోయాడు. ఇప్పుడు దానికి వాళ్ల బర్రెదూడ కట్టి ఉంది.